అంతా ముందే రాసి ఉందని మాత్రలు మానేస్తే ఎలా?

ప్రశ్న: నా వయసు 27. గుంటూరు బ్రాడీపేటలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాను. మనం అనుకోకముందే మెదడు నిర్ణయం తీసేసుకుంటుందని ఒక ప్రయోగంలో తేలిందట. అది చదివినప్పటి నుంచి నేను చేసేదేదీ నాది కాదనిపిస్తోంది. పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. రాత్రి మూడు దాటినా నిద్ర పట్టదు. టెన్షన్‌కు ఏడాదిగా ఎస్‌సిటాలోప్రామ్ వాడేవాణ్ణి. జరగాల్సింది ఎలాగూ జరుగుతుందని నెల క్రితం మానేశాను. అసలు మన ఇష్టం అనేది ఉందా, భ్రమా?

జవాబు: మాత్ర మానేసి నెలయిందన్నారు. ముందు ఆ సంగతి చూద్దాం. ఈ మందు ఒక్కసారిగా ఆపితే కొందరికి తల తిరుగుతుంది, చిరాకు వస్తుంది, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది, నిద్ర చెడుతుంది. పాత జబ్బు తిరగబెట్టనూ వచ్చు. చేసేది నాది కాదనిపించడం డిప్రెషన్‌లోనూ, తీవ్రమైన ఆందోళనలోనూ చూస్తుంటాం. మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని చెప్పలేను. థైరాయిడ్, బీ12 కూడా చూడాల్సి రావచ్చు.

రాసిన డాక్టరుకు ఒక్క మాట చెప్పి ఉండాల్సిందండీ. ఓపీలో రోజూ ఇదే చూస్తున్నాను. బీపీ నార్మల్‌కు వచ్చిందని బీపీ మాత్ర ఆపేస్తారు, మనసు కుదుటపడిందని ఈ మాత్ర ఆపేస్తారు. మాత్ర వల్లే కుదుటపడి ఉండొచ్చన్న ఆలోచనే రాదు. మానాలనుకోవడం తప్పు కాదు, కానీ డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి డోసు తగ్గించుకుంటూ రావాలి. ఇప్పుడు మళ్ళీ సొంతంగా మొదలుపెట్టకండి. మెడికల్ షాపులో నిద్రమాత్రలు అడగకండి.

మీరు చదివింది బహుశా అమెరికా మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగం. చెయ్యి కదలడానికి సుమారు అర సెకను ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది, కదపాలన్న కోరిక మనిషికి తెలిసింది 0.2 సెకను ముందు. ఆ కాస్త వ్యవధిలో వద్దనుకుని ఆగవచ్చని లిబెట్టే అన్నారు. ఆ సంకేతం మెదడులో సహజంగా ఉండే హెచ్చుతగ్గుల వల్ల కూడా రావచ్చని 2012లో మరో పరిశోధన సూచించింది. వాదన ఇంకా తేలలేదు, తేల్చడం నా పనీ కాదు. ఒకవేళ అన్నిటికీ ముందే కారణాలున్నా, ఆ కారణాల్లో మీరు మింగే మాత్ర కూడా ఒకటి. మింగితే ఒకటి, మానితే ఇంకొకటి జరుగుతుంది.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా? మీరు రాయలేదు గానీ అడగకుండా ఉండలేను. వస్తుంటే ఈ రాత్రి రూమ్‌లో ఒంటరిగా ఉండకండి, ఇంట్లోవాళ్ళను పిలిపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళయినా ఫోన్ చేయవచ్చు. అలాంటిదేమీ లేకపోయినా ఈ వారంలోనే మందు రాసిన డాక్టరు దగ్గరకో, గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగానికో వెళ్ళండి. పాత చీటీ, మిగిలిన స్ట్రిప్పు వెంట తీసుకెళ్ళండి.