కారుతోందని బ్రీథర్ పైపు మూసేయకు

చి. సతీష్‌కి,

మామయ్య ఆశీస్సులు. ఫుల్ ట్యాంక్ కొట్టించినప్పుడల్లా ట్యాంకు పైనుంచి డీజిల్ కారుతోందని, గాలి పైపులో బోల్టు బిగించి మూసేస్తే పోతుందని ఎవరో అన్నారని ఫోన్‌లో చెప్పావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఇది ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. పానా పట్టుకునే ముందు ఒకసారి మొత్తం చదువు.

నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంచితే నూనె ఆగి ఆగి పడుతుంది. రెండోవైపు ఇంకో చిల్లు పెడితేనే ధార కడుతుంది. నీ బండి ట్యాంకుకి ఆ రెండో చిల్లే బ్రీథర్. ఇంజను డీజిల్ లాగేకొద్దీ ఖాళీ అయిన చోటికి గాలి చేరాలి, బంకులో పోస్తున్నప్పుడు లోపలి గాలి బయటికి రావాలి. దాన్ని మూసేశావనుకో, బయలుదేరేటప్పుడు ఏ తేడా తెలియదు. కొంత దూరం పోయాక ఎక్కుడులో గుంజదు, ఇంకాసేపటికి ఆగిపోతుంది. మూత తియ్యగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, బండి మళ్ళీ మామూలుగా నడుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఫిల్టర్లు మార్చి, పంపు కూడా విప్పించి వేలకు వేలు ఖర్చుపెట్టుకున్న డ్రైవర్లు మా షెడ్డుకి చాలామంది వచ్చేవాళ్ళు. మూత పోతే పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసుకున్న బండ్లదీ ఇదే కథ. కొన్ని బండ్లలో గాలి దారి మూతలోనే ఉంటుంది. అలాంటి బండికి గాలి చొరని తాళం మూత కొని పెట్టినా ఇంతే.

ముందు అది నిజంగా లీకేనా అని తేల్చుకో. బంకులో డీజిల్ భూమి లోపలి ట్యాంకు నుంచి చల్లగా వస్తుంది. 50 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 800 మిల్లీలీటర్లు పెరుగుతుంది, అంటే దాదాపు లీటరు. రౌండ్ ఫిగర్ కోసమని గొంతు దాకా పోయించి, బండిని రావులపాలెం అరటి మార్కెట్లో ఎండకి నిలబెడితే ఆ లీటరు ఎక్కడికి పోతుంది? బ్రీథర్‌లోంచే బయటికి వస్తుంది. అది పైపు తప్పు కాదు. కాబట్టి ఓ వారం పాటు నాజిల్ మొదటిసారి కట్ అవ్వగానే ఆపించు. కారడం ఆగిపోతే నీకు రిపేరు ఖర్చు లేదు.

అప్పటికీ కారుతుంటే ట్యాంకు పైభాగం చూడాలి. అక్కడ నూనె, దుమ్ము కలిసి నల్లటి జిడ్డు పేరుకుని ఉంటుంది. ఎక్కడినుంచి వస్తోందో ఆ స్థితిలో ఎంత పెద్ద మేస్త్రీ కూడా చెప్పలేడు. బ్రష్‌తో, సబ్బునీళ్ళతో శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వు. తరవాత ఇంట్లో ముగ్గుపిండి గుప్పెడు తీసుకుని పైన పలచగా చల్లు. ట్యాంకు నిండుగా ఉండగా బండిని కాస్త ఏటవాలుగా పెట్టి, ఇంజను ఆపి, అరగంట వదిలెయ్. తడి ఎక్కడ మొదలైతే అక్కడ పిండి గోధుమరంగుకి తిరిగి సన్నటి గీత కనబడుతుంది. కింద చుక్క పడే చోటు కాదు, ఆ గీత మొదలయ్యే చోటు నీకు కావాలి.

అక్కడ ముగ్గురు అనుమానితులుంటారు. బ్రీథర్ పైపు గానీ అది కూర్చునే ముక్కు గానీ ఒకటి. డీజిల్ ఎంత ఉందో చూపించే ఫ్లోట్ కింద ప్యాకింగ్ రెండోది. ఈ రెండూ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే కారతాయి, ఇంజనుతో పని లేదు. మూడోది ఇంజన్లో మిగిలిన డీజిల్‌ని వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు. అది ఇంజను నడుస్తుంటేనే కారుతుంది, ట్యాంకు సగం ఉన్నా కారుతుంది. అందుకే ముందు ఇంజను ఆపి చూడమన్నాను. ఆ తరవాత స్టార్ట్ చేసి ఐడిల్‌లో పెట్టి ఇంకోసారి చూడు. ఆ ముగ్గుపిండి మొత్తం కడిగేశాకే ఏ పైపైనా విప్పు, లేకపోతే అదంతా ట్యాంకులోకి పోతుంది.

పాత బండి కాబట్టి నాకైతే బ్రీథర్ రబ్బరు మీదే అనుమానం. ముక్కు మీద క్లిప్పు కింద ఉన్న భాగం చూడు. మధ్యలో పైపు బాగానే ఉంటుంది, క్లిప్పు అంచు దగ్గర మాత్రం బొటనవేలితో వంచితే సన్నటి పగుళ్ళు విచ్చుకుంటాయి.

విప్పే ముందు ట్యాంకులో పావు కంటే తక్కువ ఉండేలా చూసుకో. 50 లీటర్ల డీజిల్ 40 కిలోల పైనే, దానికి ట్యాంకు బరువు అదనం. పైపు దాకా చెయ్యి దూరకపోతే ట్యాంకు కింద జాకీ, దాని మీద చెక్క పెట్టి, పట్టీల నట్లు వదులు చేసి కాస్త కిందికి దించితే సరిపోతుంది. నట్లు తుప్పు పట్టి ఉంటాయి, ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచు. డీజిల్ బయటికి తియ్యాల్సి వస్తే చేతి పంపు వాడు. నోటితో పైపు పీల్చే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది, నువ్వు మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా న్యుమోనియా వచ్చి ఆస్పత్రి పాలవుతారు.

కొత్త పైపుకి పాత ముక్క కోసుకుని షాపుకి తీసుకెళ్ళు, లోపలి కొలత సరిగ్గా అదే ఉండాలి. డీజిల్ పైపు అని అడిగి నైట్రైల్ రబ్బరుదే తీసుకో. సైకిల్ ట్యూబు ముక్క డీజిల్‌కి ఉబ్బి మెత్తబడిపోతుంది. తాపీమేస్త్రీలు మట్టం చూసే ప్లాస్టిక్ లెవెల్ పైపు కొన్నాళ్ళకే కట్టెలా బిగుసుకుపోతుంది. ఖరీదు ఎక్కువని సిలికాన్ మంచిదనుకోకు, అది నీళ్ళకి మంచిది గానీ డీజిల్‌కి పనికిరాదు. ఇనుప తీగ చుట్టి బిగించకు, రబ్బరుని కోసేస్తుంది. స్క్రూ క్లిప్పులు వేసి, జారకుండా ఉండేంతే బిగించు. పైపు పాతది వెళ్ళిన దారినే, ట్యాంకు కంటే ఎత్తుగా వెళ్ళాలి, మధ్యలో ఎక్కడా మెలిక పడకూడదు. మెలిక పడితే బంకులో నురగ పైకి తన్నుతుంది, నాజిల్ మాటిమాటికీ కట్ అవుతుంది.

పైపు బయటి కొస కూడా చూడు. మన ప్రాంతంలో కందిరీగలు ఏ చిన్న గొట్టం దొరికినా మట్టి పెట్టి గూడు కట్టేస్తాయి. కొస కిందికి వంగి ఉండాలి, చక్రం చిమ్మే బురద తగలని చోట ఉండాలి. దాన్ని పైపు విప్పాకే ఊదించు. ట్యాంకుకి తగిలించి ఉండగా కంప్రెసర్ గాలి పెట్టకు, అతుకులు ఉబ్బిపోతాయి. ముక్కు దగ్గర వాల్వు ఉంటే విప్పాక ఊపి చూడు, లోపలి గోలీ కదలాలి. బండి ఒరిగినప్పుడు డీజిల్ రాకుండా అడ్డుపడేది అదే. కదలకపోతే వాల్వు మార్చెయ్.

లీకు పైపుది కాక ముక్కు మొదట్లో రేకు తుప్పు పట్టి ఉంటే దానికి ఎం-సీల్ రాసి వదిలెయ్యకు, జిడ్డు మీద అది నిలవదు. వెల్డింగ్ అంటావా, ట్యాంకుని దింపి, ఖాళీ చేసి, ఆవిరి కూడా మిగలకుండా లోపల శుభ్రం చేసే పని తెలిసినవాడికే ఇవ్వాలి. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదనే మాట నమ్మకు. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వచ్చే వేడిని ఫ్లాష్ పాయింట్ అంటారు, మన దేశ ప్రమాణాల ప్రకారం డీజిల్‌కి అది కనీసం 35 డిగ్రీలుంటే చాలు. మే నెల మధ్యాహ్నం నీ ట్యాంకు రేకు అంతకంటే ఎక్కువే కాలుతుంటుంది. ఖాళీ ట్యాంకులో డీజిల్ ఉండదు గానీ ఆవిరి ఉంటుంది, పేలేది అదే.

ఈ పని వాయిదా వెయ్యొద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం డీజిల్ నష్టం కాదు. నువ్వు లోడుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కి చింతూరు వెళ్తుంటావు. ఎక్కుడులో డీజిల్ అంతా ట్యాంకు వెనక్కి చేరి మలుపు మలుపుకీ రోడ్డు మీద చిందుతుంది. నీ వెనక బైకు మీద వచ్చేవాడికి ఆ జిడ్డు కనబడదు, ముందు చక్రం జారాకే తెలుస్తుంది. వానాకాలంలో అయితే మరీ ప్రమాదం. పైగా అదే పగులులోంచి వాన నీళ్ళు, దుమ్ము ట్యాంకులోకి దిగుతాయి. నీళ్ళు పంపు దాకా పోతే అప్పుడయ్యే ఖర్చు వేరే. పని అయ్యాక ఫిల్టరు కింద ఉన్న నీళ్ళ స్క్రూ విప్పి ఒక గాజు సీసాలోకి పట్టి చూడు. అడుగున నీళ్ళు తేరుకుంటే మరో రెండు మూడు రోజులు రోజూ పొద్దున్నే అలా వదులు.

తరవాత ట్యాంకు మొదటి కట్ దాకా నింపి, ఇంటి దగ్గరే ఏదైనా వంతెన ఎక్కి దిగి రా. దిగాక ట్యాంకు పైన పొడి గుడ్డతో తుడిచి చూడు, గుడ్డకి జిడ్డు అంటకూడదు. ఆ తరవాత ఒక గంట నడిపి మూత తీసి విను. బుస్సుమనకపోతే గాలి దారి బాగున్నట్టే, ఘాట్‌కి వెళ్ళొచ్చు. బుస్సుమంటే పైపు ఎక్కడో నలిగింది, బండి అక్కడే ఆపి ఫోన్ చెయ్.

అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య