మా మామ్మ కంటికి ‘నార్మల్’ అన్నదెవరు?

ప్రశ్న: వైద్యంలో ఏఐకి గట్టి చట్టం కావాలా, డాక్టర్లు జాగ్రత్తగా ఉంటే చాలదా?

జాగ్రత్తగా ఉండాలంటే ముందు డాక్టరంటూ అక్కడ ఉండాలి కదండీ! రాజోలు దగ్గర మా ఊళ్లో కంటి క్యాంపు పెట్టినప్పుడు ఒక కుర్రాడు, కెమెరా, ల్యాప్‌టాప్, అంతే. షుగర్ ఉన్నవాళ్ల రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఫోటో తీస్తే ఏఐ చూసి చెప్పేస్తుందన్నారు. మామ్మకి ఇరవై ఏళ్లుగా షుగర్. తీసుకెళ్లాను.

చీకటి కోసం స్కూలు గది కిటికీలకి దుప్పట్లు కట్టారు. మామ్మకి శుక్లాలు కూడా ఉన్నాయి, ఫోటో పడదు. నాలుగుసార్లు మిషను ‘బాగాలేదు, మళ్లీ తీయండి’ అంది. ఆ మాటకొస్తే మిషను నిజాయితీగానే ఉంది. బయట లైను పెరిగిపోతోంది. కుర్రాడు “మామ్మగారూ, కదలకండి” అంటాడు, ఈవిడ “ఆయ్” అంటూ అతని వైపు తిరుగుతుంది. చివరికి కాగితం వచ్చింది: నార్మల్. రెండో కన్ను దగ్గర ఫలితం లేదు, ఒట్టి గీతే ఉందని చాలా రోజులకి గానీ చూడలేదు.

ఆ భరోసాతో ఎనిమిది నెలలు గడిపేశాం. మసకంటే శుక్లమే అనుకున్నాం. కాకినాడలో డాక్టరుగారు చుక్కల మందు వేసి చూసి, ఆ రెండో కంట్లోనే రెటీనా మీద రక్తం చిమ్మిందన్నారు. క్యాంపు వాళ్లకి ఫోన్ చేస్తే “అది స్క్రీనింగేనండీ, పైపైన చూసే పరీక్ష, రోగనిర్ధారణ కాదు” అన్నారు. రిపోర్టు మీద ఎవరి సంతకమూ లేదు. పరీక్షకి ఒప్పుకుంటున్నానన్న ఇంగ్లీషు ఫారం మీద మామ్మ వేలిముద్ర మాత్రం భద్రంగా ఉందట! బ్యాంకులోనూ ఇదే గోల, చదవలేని కాగితం మీదే వేలు అడుగుతారు.

ఇది మా ఊరి ఖర్మే కాదు. థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో ఇలాంటి తమ మిషను ఐదో వంతు ఫోటోల్ని బాగాలేవని వెనక్కి కొట్టిందని గూగుల్ వాళ్లే 2020లో రాశారు. మన దగ్గర 2020 ఏప్రిల్ నుంచి వైద్య సాఫ్ట్‌వేర్ కూడా మందుల చట్టం కిందికొచ్చింది. తుది మాట మనిషిదే కావాలని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలూ ఇచ్చింది. కానీ మార్గదర్శకం చూపించి ఎవరి కాలరు పట్టుకుంటాం?

దీనికన్నా మా వైపు చెరువుల్లో పెంచి విదేశాలకి పంపే రొయ్యలు నయం. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే కంటైనర్ వెనక్కొస్తుంది, ఏ చెరువుదో ఆరా తీస్తారు. మామ్మ కంటికి ఆ పాటి ఆరా లేదు. రిపోర్టు తెలుగులో ఉండాలి, చూసిన డాక్టరు పేరు, ఫోన్ నంబరు దాని మీద ఉండాలి. అది లేకపోతే క్యాంపుకి అనుమతే ఇవ్వకూడదు.

ఇప్పుడు కంట్లో ఇంజెక్షన్ల కోసం కాకినాడ తిరుగుతున్నాం. నేను తిట్టుకుంటుంటే మామ్మ అంటుంది: “ఆ కుర్రాణ్ణేమనకురా, పాపం మూడింటిదాకా వాడికి భోజనం కూడా పెట్టలేదు.”