మొదటి కారు: ఉంచుకోవాలా, అమ్మాలా?

పద్దెనిమిదేళ్లకే సొంతంగా కూడబెట్టుకొని కొన్న పాత కారుకు క్లచ్, టైమింగ్ బెల్టు (ఇంజన్‌లో పిస్టన్లు, వాల్వుల కదలికలకు పొంతన కుదిర్చే పట్టీ) మార్చాలని మెకానిక్ చెప్పాడని, ఆ ఖర్చు భరించాలో, కారు అమ్మేయాలో తేల్చుకోలేకపోతున్నానని మీరు రాశారు. ఇలాంటప్పుడు చాలామంది మరమ్మతు ఖర్చును కారు అమ్మితే వచ్చే డబ్బుతో పోల్చి తొందరపడతారు. పోల్చవలసింది అంతే నమ్మకంగా తిరిగే మరో కారు కొనడానికయ్యే మొత్తంతో. కొత్తగా కొనే కారులో ఏ లోపాలున్నాయో మీకు తెలియదు, దీని చరిత్ర మీకు తెలుసు.

క్లచ్, బెల్టు అరిగిపోయే భాగాలే కాబట్టి వాటిని మార్చవలసి వచ్చినంత మాత్రాన కారు పనైపోయినట్టు కాదు. అయితే బెల్టు విషయంలో జాప్యం వద్దు. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజనే పాడవుతుంది.

నా దృష్టిలో అసలు తేల్చవలసింది తుప్పు సంగతి. డబ్బు ఖర్చు పెట్టకముందే కారును లిఫ్టు మీదికి ఎక్కించి, సస్పెన్షన్ (చక్రాలను బాడీకి కలిపి కుదుపులను తగ్గించే ఏర్పాటు) బిగించిన చోట్లనూ డోర్ల కింద బాడీకి ఉండే అంచులనూ పరీక్షించమనండి. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో నొక్కినప్పుడు ఇనుము పొరలుగా రాలి, మొన లోపలికి దిగిపోతే, మీకు ఎంత ఇష్టమైన కారైనా, ప్రమాదంలో మిమ్మల్ని కాపాడే బలం దానికి లేదు. ఆ లోపాన్ని కొనేవారికి దాచకుండా చెప్పి అమ్మేయండి. ఇనుము గట్టిగా ఉంటే మాత్రం రెండు పనులూ ఒకేసారి చేయించి, నిశ్చింతగా ఉంచుకోండి.