ఈగలన్నీ అంతరించిపోతే మనకు మంచిదేనా?

మంచిది కాదు, ఈగలు లేకపోతే కుళ్లినవి త్వరగా మట్టిలో కలవవు, ఎన్నో మొక్కల్లో పరాగసంపర్కం దెబ్బతింటుంది. ఇప్పటిదాకా గుర్తించిన ఈగ జాతులే 1,50,000కు పైగా ఉన్నాయి. చచ్చిన జంతువులను, పేడను వీటి పిల్ల పురుగులు తినేసి నేలకు సారంగా మారుస్తాయి. ఆ పురుగులే పక్షులకు, చేపలకు మేత.

చాక్లెట్‌నే తీసుకోండి. కోకో పువ్వు చాలా చిన్నది, నిర్మాణమూ చిక్కుగా ఉంటుంది. తేనెటీగ అందులో దూరలేదు. అందులో పరాగసంపర్కం ఎక్కువగా చేసేది ఆవగింజంత ఈగలే.

రోగాలు మోసేవి వీటిలో కొన్నే, కానీ చెడ్డపేరు అన్నిటికీ! పేర్లతో ఇంకో తికమక: తేనెటీగ, కందిరీగ అసలు ఈగలే కావు, వాటికి నాలుగు రెక్కలు. ఈగలకు రెండే. దోమకూ రెండే, అందుకే అది ఈ వర్గంలోదే.