స్టేడియానికి నగర నిధులు: ఎంతవరకు, ఏ షరతులపై?

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. మా అపార్టుమెంటు సంఘం సమావేశం ముగిసిన ప్రతిసారీ ఒకే వాదన మొదలవుతోంది. విశాఖకు సొంత ఐపీఎల్ జట్టో, మరేదైనా లీగ్ జట్టో రావాలంటే నగరమే ముందుకు వచ్చి కొత్త స్టేడియం కట్టించి ఇవ్వాలని యువకులు అంటున్నారు. అమెరికాలో నగరాలు అలాగే చేస్తాయనీ, పెట్టిన సొమ్ము పన్నుల రూపంలో తిరిగి వస్తుందనీ వారి నమ్మకం. గట్టి వాన పడితే కాలువలు రోడ్డెక్కే ఊళ్లో ప్రైవేటు జట్టు కోసం ప్రజాధనం ఖర్చు చేయడమేమిటని మా వయసువాళ్లం అంటున్నాం. ఏది సబబు?
— ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, మర్రిపాలెం

జవాబు: యువకులు చెప్పిన మాటలో మొదటి సగం నిజం, రెండో సగం నిజం కాదు. వృత్తి క్రీడాజట్ల స్టేడియాలకు అమెరికా నగరాలు ప్రజాధనం పెట్టడం దశాబ్దాలుగా జరుగుతున్నదే. ఆ సొమ్ము తిరిగి వస్తుందన్న వాదనను మాత్రం అక్కడి ఆర్థికవేత్తలే, వారిది ఏ రాజకీయ పక్షమైనా, ముప్పై ఏళ్ల పరిశోధనలతో తోసిపుచ్చుతున్నారు. కారణం గ్రహించడం కష్టమేమీ కాదు. ఏ కుటుంబమైనా వినోదానికి తీసిపెట్టుకునే సొమ్ముకు ఒక హద్దు ఉంటుంది. శనివారం సాయంత్రం స్టేడియంలో రెండువేలు ఖర్చు చేసినవారు ఆ వారం జగదాంబ కూడలిలో సినిమాకు వెళ్లరు, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర ఆగరు. ఒకచోట పెరిగిన అమ్మకం మరోచోట తగ్గుతుంది. పైగా స్టేడియంలో ఖర్చయిన రూపాయిలో పెద్ద భాగం ఆటగాళ్ల పారితోషికంగా, యజమానుల లాభంగా ఊరు దాటిపోతుంది; మురీ మిక్చర్ బండికి ఇచ్చిన రూపాయి ఊళ్లోనే నాలుగు చేతులు మారుతుంది.

అమెరికా అనుభవంలో మనం అసలు గమనించవలసింది నగరాల మధ్య జరిగే వేలంపాటను. సియాటిల్ నగరంలో 2006లో ఓటర్లు ఒక తీర్మానాన్ని ఆమోదించారు. నగరం అరీనాపై (ఇండోర్ స్టేడియంపై) డబ్బు పెడితే దానిపై కనీసం ప్రభుత్వ బాండ్లపై వచ్చేంత ప్రతిఫలమైనా రావాలన్నది దాని సారాంశం. పెట్టుబడి అంటున్నారు కాబట్టి వడ్డీ చూపించమన్నారు, అంతే. బాస్కెట్‌బాల్ జట్టు యజమానులు లీజు గడువు ఇంకా రెండేళ్లుండగానే నగరానికి 4.5 కోట్ల డాలర్లు చెల్లించి, 2008లో జట్టును ఓక్లహోమా సిటీకి తరలించుకుపోయారు. సియాటిల్ మునిగిపోలేదు. అదే అరీనాను తర్వాత ప్రైవేటు సొమ్ముతో పునర్నిర్మించగా 2021లో తెరుచుకుంది, ఐస్ హాకీ జట్టు ఒకటి అందులోకి వచ్చింది. తరలిపోయిన జట్టు మాత్రం ఓక్లహోమాలో కొత్త అరీనా అడిగింది. 2023 డిసెంబరులో అక్కడి ఓటర్లు సుమారు 71 శాతం మెజారిటీతో ఒక శాతం అమ్మకపు పన్నుకు సమ్మతించారు. కనీసం 90 కోట్ల డాలర్ల ఆ నిర్మాణంలో యజమానుల వాటా 5 కోట్లు. దానికి బదులుగా జట్టు పాతికేళ్లు ఊళ్లోనే ఉండాలి. ఆ ఓటర్లను మేము తప్పుపట్టం. తమ జట్టు తమ ఊళ్లో ఉండటం వారికి ఆనందం, ఆ ఆనందానికి ధర తెలుసుకుని మరీ చెల్లిస్తున్నారు. దాన్ని లాభసాటి పెట్టుబడి అని ఎవరైనా చెబితేనే పేచీ.

సియాటిల్‌లా లెక్క అడగకుండా నమ్మిన ఊరు సెయింట్ లూయిస్. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోసం రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది), నగరం కలిసి అప్పు చేసి కట్టిన డోమ్ స్టేడియం 1995లో తెరుచుకుంది. స్టేడియం ఎప్పటికప్పుడు దేశంలోని అగ్రశ్రేణి స్టేడియాల్లో ఒకటిగా ఉండాలనీ, లేకుంటే దీర్ఘకాలిక లీజు నుంచి తప్పుకునే హక్కు జట్టుకు ఉంటుందనీ ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. ఏ కట్టడమైనా పాతబడుతుంది కాబట్టి ఆ నిబంధనపై సంతకం చేసిన రోజే జట్టుకు తలుపు తెరిచిపెట్టినట్టయింది. 2016లో జట్టు లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయింది, అప్పు మాత్రం ఊళ్లోనే మిగిలింది. దావా వేసిన తర్వాత 2021లో 79 కోట్ల డాలర్ల పరిష్కారం దక్కిందనుకోండి. అయినా జట్టును తెచ్చుకున్నది కోర్టు పరిహారం కోసం కాదు కదా.

తిరస్కరించినవారూ ఉన్నారు. మిస్సోరీ రాష్ట్రంలోని జాక్సన్ కౌంటీలో రెండు జట్ల స్టేడియాల కోసం నలభై ఏళ్లపాటు అమ్మకపు పన్ను కొనసాగించాలన్న ప్రతిపాదనను 2024 ఏప్రిల్‌లో సుమారు 58 శాతం ఓటర్లు తోసిపుచ్చారు. మూడు నెలలు తిరక్కుండానే, ఆ జట్లను తనవైపు లాక్కోవడానికి పొరుగున ఉన్న కాన్సస్ రాష్ట్రం స్టేడియాలకు బాండ్ల ద్వారా నిధులు సమకూర్చే చట్టం చేసింది. జట్ల సంఖ్యను లీగులే పరిమితం చేసి, ఊళ్లను ఒకదానిమీదికి ఒకటి ఉసిగొల్పుతున్నంతకాలం ఈ వేలం ఆగదు.

ఇక విశాఖ విషయం. అమెరికాలో చెల్లని వాదన ఇక్కడ మరింత బలహీనపడుతుందని మా అభిప్రాయం. అక్కడ డబ్బు పెట్టే కౌంటీయే, నగరమే అమ్మకపు పన్నును కూడా వసూలు చేసుకుంటుంది. ఇక్కడ 2017 నుంచి వినోదపు పన్ను చాలావరకు జీఎస్టీలో కలిసిపోయింది. ఐపీఎల్ టిక్కెట్లపై 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం జీఎస్టీ అమలులో ఉంది, ఆ సొమ్ము కేంద్ర, రాష్ట్ర ఖజానాలకు చేరుతుంది. హోటల్ గది అద్దెపైనా, భోజనం బిల్లుపైనా వసూలయ్యే పన్నుదీ అదే దారి. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి ప్రధానంగా మిగిలేవి ఆస్తిపన్ను, నీటి చార్జీలు, నిర్మాణ అనుమతుల రుసుములు. కాబట్టి నగరపాలక సంస్థ స్టేడియం కడితే ఖర్చు ఒకరిది, పన్ను మరొకరిది అవుతుంది. అప్పు తెచ్చి కట్టవచ్చుగా అనేవారుంటారు. 2018లో 80 కోట్ల రూపాయల మునిసిపల్ బాండ్లు జారీచేసిన జీవీఎంసీకి ఆ దారి కొత్తది కాదు. కాకపోతే బాండ్లపై వడ్డీ కట్టవలసింది మర్రిపాలెంలోనూ, గాజువాకలోనూ ఇంటిపన్ను చెల్లించేవారే. వారిలో ఎక్కువమంది ఆ గ్యాలరీలో ఒక్కసారైనా కూర్చోకపోవచ్చు.

జట్లు ఊరికి అతిథులే తప్ప నివాసులు కావని విశాఖకు వేరే ఊరు వచ్చి చెప్పనక్కరలేదు. 1988 నుంచి 2001 వరకు అంతర్జాతీయ వన్డేలు బీచ్ దగ్గరి ఇందిరా ప్రియదర్శిని మునిసిపల్ స్టేడియంలో జరిగాయి. పోతినమల్లయ్యపాలెంలో ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ మైదానం వచ్చాక పెద్ద క్రికెట్ అటు మళ్లింది. 2005 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌పై ధోనీ 148 పరుగులు చేసిన రోజును ఊరు ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆ మైదానంలో ఐపీఎల్ సొంత మ్యాచ్‌లు ఆడినవారిని చూడండి: 2012లో డెక్కన్ చార్జర్స్, 2015లో సన్‌రైజర్స్, 2024లోనూ 2025లోనూ ఢిల్లీ క్యాపిటల్స్. 2016లోనైతే మహారాష్ట్రలో కరవు కారణంగా బొంబాయి హైకోర్టు ఆదేశంతో ముంబై, పుణె జట్లు ఇక్కడికి వచ్చాయి. అందరూ ఆడారు, అందరూ వెళ్లిపోయారు. ప్రత్యేకంగా నగర ఖజానా నుంచి కొత్త స్టేడియం కట్టించకుండానే ఊరు ఆ ఆటలన్నీ చూసింది.

అలాగని నగరం ఒక్క రూపాయీ పెట్టకూడదనడం కూడా మా ఉద్దేశం కాదు. రాజ్యాంగ 74వ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పట్టణ సంస్థల విధులుగా స్పష్టంగా ఉన్నాయి. స్టేడియం దాకా రోడ్డు, మురుగుకాలువ, నీరు, బస్సు సౌకర్యం నగరం చూసుకోవడం న్యాయమే, ఆట లేని రోజున కూడా అవి ప్రజలకు ఉపయోగపడతాయి కాబట్టి. స్థలం ఇవ్వదలిస్తే లీజుకు ఇవ్వాలి, అమ్మకూడదు. ఆ లీజు నామమాత్రపు అద్దెకు కాక మార్కెట్ విలువను బట్టి ఉండాలి. కట్టడం ఖర్చులో ప్రజల వాటా ఎంత ఉంటే టిక్కెట్లు, ప్రకటనలు, స్టేడియం పేరు హక్కు మీద వచ్చే ఆదాయంలో కూడా వాటా అంత ఉండాలి. జట్టు గడువుకు ముందే వెళ్లిపోతే మిగిలిన అప్పు మొత్తం జట్టే తీర్చాలన్న షరతు, వార్డుల పిల్లలకు మైదానం తెరిచి ఉంచే రోజుల సంఖ్య ఒప్పందంలో అక్షరాలా రాసుకోవాలి. ఈ షరతులకు ఒప్పుకోని యజమాని అడుగుతున్నది భాగస్వామ్యం కాదు, విరాళం. మీ సమావేశంలో యువకులు ఈ షరతులకు సరే అంటే మీరు వారితో చేయి కలపవచ్చు.

ప్రశ్న: నేను ఒక హోటల్లో పనిచేస్తున్నాను. మ్యాచ్ ఉన్న రోజుల్లో గదులు దొరకవు, మాకు అదనపు డ్యూటీలు పడతాయి. ఆర్థికవేత్తలు ఏమన్నా ఇది కళ్లముందు కనబడుతున్న లాభం కాదా?
— ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: కళ్లముందు కనబడేది నిజమే, దాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఐపీఎల్‌లో ఒక జట్టుకు లీగ్ దశలో సొంత మ్యాచ్‌లు సాధారణంగా ఏడు. ఏడాదిలో మిగిలిన రోజులు మీ గదులను నింపేది అరకు, బొర్రా గుహలు చూడటానికి వచ్చే యాత్రికులూ, రేవు పని మీదా, పెళ్లిళ్లకూ వచ్చేవారూ. ఏడు సాయంత్రాల గిరాకీ మీద కోట్ల రూపాయల కట్టడాన్ని సమర్థించడం కష్టం. అదే సొమ్ములో కొంత భీమిలి దారి వెంబడి మరుగుదొడ్లకూ, దీపాలకూ, బస్సులకూ పెడితే మీ హోటల్‌కు ఏడాది పొడవునా మేలు. అదనపు డ్యూటీకి అదనపు వేతనం అందుతోందో లేదో మీరు రాయలేదు. ఆ లెక్క కూడా చూసుకోండి.

ప్రశ్న: ఒడిశా ప్రభుత్వం స్టేడియాలపై భారీగా ఖర్చు చేసి పేరు తెచ్చుకుంది కదా? పక్కనే ఉన్న మనం వెనుకబడటం దేనికి?
— ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, గాజువాక

జవాబు: మంచి ఉదాహరణ ఇచ్చారు. కానీ అది మీ వాదన కంటే మా వాదనకే ఎక్కువ దగ్గరగా ఉంది. భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియం ఒడిశా ప్రభుత్వ ఆస్తి. రూర్కెలాలో 2023 జనవరిలో ప్రారంభమైన బిర్సా ముండా హాకీ స్టేడియమూ ప్రభుత్వం కట్టించిందే. ఢిల్లీ నుంచి 2019లో భువనేశ్వర్‌కు తరలివచ్చి ఒడిశా పేరు పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు కళింగలో ఆడింది. అంటే, ఒక ఊరిని వదిలి వచ్చిన జట్టు మరో ఊరినీ వదలగలదు. అప్పుడు కూడా మైదానం, ట్రాక్, శిక్షణ కేంద్రం జనం చేతిలోనే మిగులుతాయి. ప్రజాధనంతో కట్టినదానికి ఉండవలసిన లక్షణం అదే.

మీరు వ్యాయామ ఉపాధ్యాయులు కాబట్టి ఒక సంగతి మీకే బాగా తెలిసి ఉంటుంది. పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ, ఆ అంశంలో ఒలింపిక్స్ దాకా వెళ్లిన తొలి భారతీయురాలు. ఆమె శిక్షణ కోసం మొదట హైదరాబాద్‌కూ, తర్వాత భువనేశ్వర్‌కూ వెళ్లవలసి వచ్చింది. విశాఖలో పుట్టిన ప్రతిభ పొరుగు రాష్ట్రపు ట్రాక్ మీద పదునుదేరిందంటే, మనకు కొరవడింది లీగ్ జట్టు ఆడే గ్యాలరీ కాదు. జీవీఎంసీకి 98 వార్డులున్నాయి. ఎంతమంది పిల్లలకు నడిచి వెళ్లేంత దూరంలో కంచె, మట్టి నేల, వెలుగు ఉన్న ఒక మైదానం ఉందో మీ బడి పిల్లలతోనే మ్యాపు గీయించి వార్డు కార్యాలయంలో ఇవ్వండి. గ్యాలరీ గురించి మాట్లాడేది ఆ తర్వాత.

ప్రశ్న: క్రీడాసంఘాలు మేము ప్రైవేటు సంస్థలం, లెక్కలు చెప్పనక్కరలేదు అంటాయి. ప్రభుత్వ స్థలం తీసుకున్నాక కూడా అలా అనవచ్చా? సామాన్యుడు ఎవరిని అడగాలి?
— ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, సీతమ్మధార

జవాబు: క్రికెట్ బోర్డు రాజ్యాంగం 12వ అధికరణ అర్థంలో ‘రాజ్యం’ (ప్రభుత్వ అంగం) కాదని సుప్రీంకోర్టు 2005లో జీ టెలీఫిల్మ్స్ కేసులో చెప్పింది. అయితే అది ప్రజా విధులు నిర్వహిస్తోంది కాబట్టి 226వ అధికరణ కింద హైకోర్టు పరిధిలోకి వస్తుందని 2015లో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బీహార్ కేసులో స్పష్టం చేసింది. కోర్టుకు వెళ్లేది తర్వాతి సంగతి. సంఘం తలుపు తట్టేముందు స్థలం ఇచ్చిన కార్యాలయం తలుపు తట్టండి. లీజు పత్రం, అద్దె మొత్తం, రాయితీలు, గడువు, అద్దె బకాయి, జీవీఎంసీ స్థాయీ సంఘం లేదా కౌన్సిల్ చేసిన తీర్మానం, స్టేడియం చుట్టూ రోడ్లకు పెట్టిన ఖర్చు ఇవన్నీ ప్రభుత్వ కార్యాలయాల దస్త్రాలే. వాటిని సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ‘స్టేడియం వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఒక వాక్యంలో తప్పించుకుంటారు. కాబట్టి ఏ సంవత్సరం లీజు, ఏ తీర్మానం, ఏ సర్వే నంబరు అన్నది విడివిడిగా పేర్కొనండి. జవాబు రాకపోయినా, అసంపూర్ణంగా వచ్చినా, అదే కార్యాలయంలోని అప్పిలేట్ అధికారికి ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోండి.