వీఎన్‌ఎస్ పెట్టించాక గురక పెరిగింది, సీపాప్ కూడా వాడొచ్చా?

ఫిట్స్ కోసం మీ తమ్ముడికి వీఎన్‌ఎస్ (ఛాతీలో చర్మం కింద అమర్చి, మెడలోని వేగస్ నరానికి కరెంటు పంపే పరికరం) పెట్టించాక గురక ఎక్కువైందనీ, నిద్రలో ఊపిరి ఆగుతోందనీ రాశారు. సీపాప్ (నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) కూడా వాడొచ్చా అంటే, నేను రెండూ వాడుతున్నాను. నాలుగేళ్లయింది.

గురక నాకు ముందు నుంచీ ఉంది. పరికరంలో కరెంటు పెంచుతూ పోయాక వచ్చిన తేడాను మా ఆవిడే పట్టేసింది. ‘‘ఇది గురక కాదండీ, మధ్యలో ఆగిపోతున్నారు, అదీ టైం ప్రకారం’’ అంది. ఓ రాత్రి ఫోన్ పట్టుకుని లెక్కపెట్టింది. ఐదు నిమిషాలు బాగానే ఉంటుంది, తర్వాత అర నిమిషం ఊపిరి బిగుసుకుపోతుంది. నా సెట్టింగూ అదే: 30 సెకన్లు ఆన్, 5 నిమిషాలు ఆఫ్.

మెడలో ఎడమవైపు వేగస్ నరానికి కదా దీని వైరు చుట్టేది! స్వరపేటికకు వెళ్లే నరం కూడా దాని కొమ్మే. పగలు ఆన్ అయినప్పుడల్లా గొంతు బొంగురుపోయేది అందుకే. రాత్రి గొంతు కండరాలు ఎలాగూ వదులవుతాయి, పైగా ఇది తోడైతే గాలి దారి ఇంకా ఇరుకవుతుంది.

స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) చేయిస్తే ఊపిరి ఆగడమో తగ్గడమో గంటకు 31 సార్లు అని వచ్చింది. 30 దాటితే తీవ్రమైనట్టే. రిపోర్టు న్యూరో డాక్టరుకు చూపిస్తే ఆఫ్ సమయం పెంచి, కరెంటు కాస్త తగ్గించారు. స్లీప్ స్టడీని వీఎన్‌ఎస్ ఆన్‌లో ఉండగానే చేయించండి, లేకపోతే అసలు సంగతి బయటపడదు. సీపాప్ ప్రెషర్ కూడా అలాగే చూసి పెట్టించుకున్నాను. ఇప్పుడు గంటకు ఐదారు. పొద్దున్నే వచ్చే ఫిట్స్ నా విషయంలో బాగా తగ్గాయి. నిద్ర చాలకపోతే ఫిట్స్ వస్తాయని మనకు తెలిసిందేగా.

మాస్కు దగ్గర మాత్రం జాగ్రత్త. కొన్నిటికి పట్టీలు తగిలించే చోట అయస్కాంతాలు ఉంటాయి. నాకు మొదట అలాంటిదే అంటగట్టారు, షాపువాడు ఒక్క ముక్క అడగలేదు. ఆ అయస్కాంతాలు వీఎన్‌ఎస్ పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలని మాస్కుల తయారీదారులే హెచ్చరించారు. మాస్కు తీసి గుండెల మీద పెట్టుకుని కునుకు తీశామంటే ఆ దూరం ఎక్కడ? ప్లాస్టిక్ క్లిప్పులున్నదే అడగండి.

ఒక తప్పూ చెప్పేస్తాను. వీఎన్‌ఎస్‌తో ఇచ్చే అయస్కాంతం ఛాతీ మీద ఉంచినంతసేపూ స్టిమ్యులేషన్ ఆగుతుంది. ‘హాయిగా నిద్రపోదాం’ అని ఓ రాత్రి డాక్టరును అడక్కుండా దాన్ని టేపుతో అంటించుకున్నాను. తెల్లారేసరికి ఫిట్స్, నాలుక కరుచుకున్నాను. డాక్టర్ తిట్టారు, తిట్టించుకోవాల్సిందే.

మీ తమ్ముడు ఒంటరిగా పడుకుంటాడా? అయితే దిండు పక్కన ఫోన్లో రికార్డింగ్ పెట్టి, ఊపిరి ఎన్ని నిమిషాలకోసారి ఆగుతోందో రాసుకుని వెళ్లండి. నా డాక్టర్ ముందు అడిగింది ఆ కాగితమే.