అమ్మకాలు రెట్టింపవుతున్నాయి, ఇల్లు తాకట్టు పెట్టమంటారా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో ఫర్నిచర్ మార్కెట్‌ప్లేస్ మొదలుపెట్టాను. తయారీదారులు మా సైట్లో సరుకు పెడతారు, అమ్ముడైతే మేం కమీషన్ తీసుకుంటాం. ఏటా అమ్మకాలు రెట్టింపవుతున్నాయి. ఖాతాలో డబ్బు ఎప్పుడూ నిండుగానే ఉంటోంది. బాగా పోయే సరుకు నేనే కొని, సొంత గోదాములో నిల్వ పెడితే డెలివరీ వారంలో ఇవ్వొచ్చు. అందుకోసం ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకుందామని ఉంది. ఇల్లు మా ఇద్దరి పేరా ఉంది, మావారు వెనకాడుతున్నారు. లెక్కలన్నీ జతచేశాను. మీరేమంటారు?

జవాబు: ఇల్లు తాకట్టు పెట్టకండి. ఇంత సూటిగా చెప్పడానికి మీరు పంపిన లెక్కలే కారణం. మూడేళ్లు మీరు పడ్డ కష్టం ఆ పట్టికల్లో కనబడుతోంది. అయితే మీకు ధైర్యమిస్తున్న ఆ నిండు ఖాతాలో చాలా భాగం మీ డబ్బు కాదు. మొదట తేల్చుకోవాల్సింది అదే.

మీ కస్టమరు ఆర్డరు పెట్టగానే మొత్తం కట్టేస్తారు. అమ్మకందారుకు మీరిచ్చేది సగటున 45 రోజుల తర్వాత. మీ కమీషన్ 22 శాతం. అంటే వచ్చిన ప్రతి 100లో 78 అమ్మకందారుది, నెలన్నర మీ దగ్గర ఆగుతుంది. నెలకు 100 చొప్పున అమ్ముతుంటే, ఏ రోజు చూసినా ఖాతాలో 117 దాకా వాళ్ల సొమ్మే ఉంటుంది. అమ్మకాలు 200కు పెరిగితే అది 234 అవుతుంది. ఖాతా ఉబ్బుతుంది, మనకు మిగిలిందనిపిస్తుంది. ఇప్పుడు ఒక ఏడాది గిరాకీ తగ్గి 200 కాస్తా 140కి దిగిందనుకోండి. వాళ్ల సొమ్ము 164కు దిగాలి. అంటే 70 మీ ఖాతాలోంచి బయటికి పోవాలి, అదీ అమ్మకాలు పడిపోయిన సమయంలోనే. ఆ 70 ఈలోగా ప్రకటనలకో జీతాలకో ఖర్చయిపోయి ఉంటే తెచ్చి ఇవ్వడానికి ఏమీ ఉండదు. అమ్మకాలు పెరుగుతున్నంత కాలం ఈ గొయ్యి కనబడదు.

ఇక అసలు మీకు మిగులుతున్నదెంత? మీ అంకెలనే 100 ఆర్డరు మీద పరిచి చూశాను. కమీషన్ 22 వస్తోంది. ఆన్‌లైన్ చెల్లింపులు మీకు చేర్చే పేమెంట్ గేట్‌వేకి 2, ఉచిత డెలివరీ అన్నందుకు మీరు భరిస్తున్న రవాణా 7, ప్రకటనలు 9, కస్టమర్ కేర్ 2, పగిలినవీ వెనక్కొచ్చినవీ కలిపి 4. మొత్తం 24. ప్రతి 100కి 2 చేతినుంచి పడుతోంది. ఇందులో ఆఫీసు అద్దె లేదు, మీ జీతమూ లేదు. మూడేళ్లుగా మీరు జీతం తీసుకోలేదని పట్టికలో ఎక్కడో కింద రాశారు. అది చదివి బాధేసింది. ఆ పనికి ఇంకొకరిని పెట్టుకుంటే ఎంతివ్వాలో అంత ఖర్చు రాసుకోండి, అసలు నష్టమెంతో అప్పుడు తెలుస్తుంది.

మీ పట్టికలో ఒక వరుస దగ్గర చాలాసేపు ఆగాను. గాజు పలక ఉన్న డైనింగ్ టేబుల్. మీ దగ్గర అన్నిటికంటే ఎక్కువ పోయేది అదే. ఒక ఆర్డరు చూడండి: టేబుల్ వెళ్లింది, గాజు మూల బీట వారింది, ఫోటో వచ్చింది. మీరు వెంటనే మరో పలక పంపారు. రంధ్రాలు కాళ్ల మీది బిగింపులకు సరిపోలేదు. చివరికి మొత్తం వెనక్కి తెప్పించుకుని డబ్బు తిరిగిచ్చారు. ఒక్క బల్లకు మూడు రవాణాలు, ఆ పైన సున్నా కమీషన్. ఆ కస్టమరును తెచ్చిన ప్రకటన ఖర్చు మాత్రం అయిపోయింది. ఇలాంటివి ఒక్క నెలలోనే తొమ్మిది ఉన్నాయి. అమ్మకాల పట్టికలో మొదట నిలిచిన వస్తువే మిమ్మల్ని ముంచుతోంది.

ఫర్నిచర్ వ్యాపారంలో ఈ చిక్కు అందరికీ ఉన్నదే. చొక్కా తిరిగొస్తే మడిచి అరలో పెట్టొచ్చు, బీరువా తిరిగొస్తే అలా కుదరదు. కొరియర్లు చాలామంది బరువుతో పాటు పెట్టె కొలతలూ లెక్కగట్టి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు కాబట్టి, లోపల గాలి ఉన్నా ఛార్జీ తప్పదు. పైగా మంచం కొన్న మనిషి మళ్లీ మంచం కొనడానికి ఏళ్లు పడుతుంది. ప్రకటన ఖర్చు రెండో ఆర్డరులో రాబట్టుకుందాం అనే లెక్క మీకు సాగదు. మొదటి ఆర్డరులోనే మిగలాలి.

మీ గోదాము ఆలోచన దగ్గరికి వస్తే, బ్రిటన్‌లో దాదాపు ఇదే దారిలో వెళ్లిన ఆన్‌లైన్ ఫర్నిచర్ కంపెనీ ఒకటుంది. మేడ్.కామ్. 2010లో మొదలైంది. కస్టమరు డబ్బు కట్టాకే సరుకు తయారీకి ఆర్డరిచ్చేది, కాబట్టి నిల్వల భారం తక్కువ. 2021 జూన్‌లో 77.5 కోట్ల పౌండ్ల విలువతో షేర్ మార్కెట్‌కు వచ్చింది. డెలివరీ త్వరగా ఇవ్వాలని సరుకు ముందే తెప్పించి నిల్వ పెట్టడం పెంచింది. 2022లో గిరాకీ పడిపోయింది, సరుకు గోదాముల్లో ఉండిపోయింది. ఆ నవంబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బ్రాండు పేరు, వెబ్‌సైట్ చిరునామాలు, మేధో హక్కులు కలిపి నెక్స్ట్ అనే కంపెనీ 34 లక్షల పౌండ్లకు కొనుక్కుంది.

మరి పెద్దగా ఎదిగినవాళ్లు లేరా అంటే ఉన్నారు. అమెరికాలో ఆన్‌లైన్‌లో ఫర్నిచర్ అమ్మే వేఫెయిర్‌ను 2002లో నీరజ్ షా, స్టీవ్ కొనైన్ కలిసి బోస్టన్‌లో సీఎస్‌ఎన్ స్టోర్స్ అనే పేరుతో మొదలుపెట్టారు. ఒక్కో రకం వస్తువుకు ఒక్కో వెబ్‌సైట్ చొప్పున 200కు పైగా సైట్లు నడిపారు. సరుకు ఎక్కువగా సరఫరాదారుల దగ్గర్నుంచే కస్టమరుకు వెళ్లేది. 2011 దాకా బయటి పెట్టుబడి తీసుకోలేదు. నేను మిమ్మల్ని చూడమనేది ఆ తొమ్మిదేళ్లను. తర్వాత భారీగా పెట్టుబడి తెచ్చి, 2014లో షేర్ మార్కెట్‌కు వచ్చాక, ఏడాది మొత్తానికి లాభం చూసింది 2020లోనే. 2022లో మళ్లీ 130 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. ఆ నష్టాన్ని వాటాదారులు మోశారు, దాని మీద ఎవరి ఇల్లూ ఆధారపడి లేదు. మీ విషయంలో ఆ వాటాదారులు మీరూ మీవారూ.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. అమ్మకందారుల సొమ్ముకు వేరే ఖాతా తెరవండి. డబ్బు రాగానే 78 అటు వెళ్లిపోవాలి. మొదటి నెల ఊపిరాడనట్టు ఉంటుంది, మీ వ్యాపారం అసలు పరిమాణం అప్పుడే తెలుస్తుంది. ఇప్పటికే వాళ్ల సొమ్ములోంచి కొంత వాడేశారని తేలితే దాన్ని అప్పుగా రాసుకుని నెలనెలా పూడ్చండి.

తర్వాత గాజు టేబుల్ ఆపండి. అమ్మకాలు తగ్గుతాయి, తగ్గనివ్వండి. ప్యాకింగ్ సరిగా లేక పగిలితే ఆ ఖర్చు అమ్మకందారుదే అని ఒప్పందంలో రాయించండి. ఇప్పుడు మొత్తం మీరే భరిస్తున్నారు. దూరాలకు ఉచిత డెలివరీ తీసేయండి. రవాణా 7 నుంచి 4కు, తిరుగుసరుకు 4 నుంచి 2కు దిగితే 100కి 2 నష్టం 3 మిగులుగా మారుతుంది. దీన్ని సాధించడానికి అప్పు అక్కర్లేదు.

వేగంగా డెలివరీ ఇవ్వాలన్న మీ కోరిక సరైనదే. కానీ దానికి ఏళ్ల తరబడి కట్టుబడే గోదాము లీజు ఎందుకు? నెలవారీ అద్దెకు కొంత జాగా తీసుకుని, బాగా పోయే ఐదారు వస్తువులు అమ్మకందారులనే అక్కడ పెట్టమనండి. సరుకు వాళ్లది, అమ్ముడైతేనే మీరు చెల్లిస్తారు. ఒప్పుకోనివాళ్లు కొందరుంటారు. తమ సరుకు పోతుందని వాళ్లకే నమ్మకం లేకపోతే, ఇంటి మీద అప్పు చేసి మీరెందుకు కొనాలి?

కంపెనీ పేరున అప్పు తీసుకున్నా మీరిద్దరూ వ్యక్తిగత హామీ సంతకం పెడితే, కంపెనీ మూతపడినా బాకీ మీ వెంట ఇంటికే వస్తుంది. ఇంటికి ఏడాది ఖర్చులు విడిగా పెట్టుకోండి, రిటైర్మెంట్ పొదుపు జోలికి వెళ్లకండి. మీ జీతం చిన్నదైనా వచ్చే నెల నుంచి తీసుకోండి.

వరసగా ఆరు నెలలు, మీ జీతంతో సహా అన్నీ పోను ఆర్డరుకు మిగులు కనిపిస్తే అప్పుడు అప్పు గురించి మాట్లాడదాం. సరుకునో కంపెనీకి రావాల్సిన బకాయిలనో చూపించి తీసుకునే అప్పు, ఇల్లు తాకట్టు లేకుండా. మీవారు వెనకాడుతున్నారని రాశారు. ఈ లెక్కను ఆయన ముందు పెట్టి, ఒకసారి ఇద్దరూ కలిసి ఈ అంకెలు కూడి చూడండి. ఆ ఆరు నెలల పట్టిక నాకు పంపండి, గాజు టేబుల్ వరుస తీసేశాక ఎలా ఉందో చూడాలని ఉంది.